నోరు పొక్కకముందే ఎర్రవెలుగు

గంపలగూడెం వైపు రేడియేషన్ అనే మాట పెద్దగా వినపడదు. "కరెంటు పెట్టించుకుంటన్నాడు" అంటారు. నాలుకకో, బుగ్గకో, గొంతుకో కేన్సర్ వచ్చిన మనిషిని చూడ్డానికి వచ్చినవాళ్లు కుర్చీలో కూర్చోగానే అడిగేది "ఎన్ని కరెంట్లయినయ్యి, ఇంకా ఎన్నున్నయ్యి?" అనే. లెక్క ముప్పై, ముప్పై మూడు, ముప్పై అయిదు దగ్గర ఉంటుంది. వారానికి అయిదు చొప్పున ఆరేడు వారాలు.

ఒంట్లోకి పోయేది కరెంటు కాదు, బలమైన ఎక్స్‌రే కిరణాలు. షాక్ కొట్టదు, కాలదు, నొప్పి తెలియదు. బల్ల మీద పడుకోబెట్టి, మొహానికి అచ్చుపోసిన మాస్కు బిగించి, పది పదిహేను నిమిషాల్లో లేపి పంపేస్తారు. అందుకే మొదటి రెండు వారాలు రోగికి ధీమాగానే ఉంటుంది. అసలు సంగతి మూడో వారంలో మొదలవుతుంది.

ఒక మిరప రైతును ఊహించుకుందాం. కట్టలేరు పక్కన చేను. కల్లంలో ఎండుమిర్చి తిరగేస్తుంటే దారినపోయేవాళ్లు తుమ్ముకుంటూ వెళ్తారు, ఆయన మాత్రం ఆ ఘాటులోనే సద్దిమూట విప్పుకుని పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ తింటాడు. అలాంటి మనిషి మూడో వారంలో ఒక పూట పెరుగన్నం ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోతాడు.

"ఇందులో కారం కలిపినవా?"

"కారమేందయ్యా, ఉప్పు కూడా ఎయ్యలా."

ఆయన అన్నది అబద్ధం కాదు, భ్రమ కూడా కాదు. మిరపకాయలోని ఘాటు నోటికి తగిలినప్పుడు నరాల చివర ఉండే ఒక చిన్న ద్వారం తెరుచుకుంటుంది. అదే ద్వారం 43 డిగ్రీల వేడి తగిలినా తెరుచుకుంటుంది. కారానికీ మంటకూ మన భాషలో ఇంత చుట్టరికం ఉండటం ఊరికే కాదు. 1997లో దీన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. ఒంట్లో ఎక్కడైనా వాపు వచ్చి, అక్కడ ఆమ్లం, మంట పుట్టించే రసాయనాలు ఊరితే ఈ ద్వారం తలుపు వదులైపోతుంది. అప్పుడు దాన్ని తెరవడానికి మిరపకాయా అక్కర్లేదు, వేడన్నమూ అక్కర్లేదు. ఒంటి వేడే చాలు. చల్లటి పెరుగన్నం కారంగా ఉందంటే అర్థం, ఆయన నోట్లో లేని మిరపకాయ నిజంగానే మండుతోందని.

వైద్యులు దీన్ని మ్యూకోసైటిస్ అంటారు. మనకు నోటిపూత, నోరు పొక్కడం అనే మాటలున్నాయి. అయితే మామూలు నోటిపూతకు రైబోఫ్లేవిన్ బిళ్ల వేసుకుంటే తగ్గినట్టు ఇది తగ్గదు.

నోటి లోపలి పొర ఒంట్లో అతి తొందరగా అరిగి, అతి తొందరగా కొత్తగా పుట్టే వాటిలో ఒకటి. వారం నుంచి రెండు వారాల్లో పొరంతా మారిపోతుంది. అడుగున ఉన్న కణాలు విడిపోయి పైకి కొత్తవాటిని పంపుతూ ఉంటేనే ఇది సాగుతుంది. విడిపోతున్న కణాలనే రేడియేషన్ ఎక్కువగా దెబ్బతీస్తుంది, కేన్సర్ మీద అది పనిచేసేదీ అందుకే. కింద నుంచి కొత్త కణాల సరఫరా ఆగిపోయి పై పొర అరుగుతూ పోతుంటే ఏమవుతుంది? రెండు వారాల నాటికి ఎరుపు, మూడో వారానికి పుండ్లు, అయిదారు వారాలకు తారస్థాయి.

చాలాకాలం వైద్యులు కూడా ఇంతే అనుకున్నారు. అమెరికాలో స్టీఫెన్ సోనిస్ అనే నోటి వైద్య నిపుణుడు దీనికి ఇంకో అంకం ఉందని చూపించాడు. మొదటి రోజు కిరణం తగిలినప్పుడే పొర కింది కణాల్లో గొడవ మొదలవుతుంది. ఒక కణం పంపిన అపాయ సంకేతం ఇంకో కణాన్ని రెచ్చగొడుతుంది, అది మరోదాన్ని. పైకి నోరు నున్నగా, ఆరోగ్యంగా కనిపిస్తున్న ఆ రెండు వారాల్లోనే లోపల మంట అంటుకుని ఉంటుంది. పుండు కంటికి కనపడేసరికి కథ సగం అయిపోయి ఉంటుంది. దీన్ని గుర్తుపెట్టుకోండి, వెలుగు సంగతి వచ్చినప్పుడు మళ్లీ కావాలి.

తీవ్రతను కొలవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన కొలబద్ద నిజానికి కంచం కొలబద్ద. ఎర్రబడి మంటగా ఉంటే ఒకటి. పుండ్లున్నా అన్నం తినగలిగితే రెండు. అన్నం పోయి జావా మజ్జిగా మాత్రమే దిగితే మూడు. అదీ దిగకపోతే నాలుగు. అప్పుడు ముక్కులోంచి గొట్టం. ఆరోగ్యశ్రీ వార్డుల్లో ముక్కుకు ప్లాస్టర్ అంటించుకుని కూర్చున్నవాళ్లను చూసినవాళ్లకు నాలుగో అంకె ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

బాధ ఒక్కటే అయితే ఓర్చుకోవచ్చు అనేవాళ్లుంటారు. చిక్కు అక్కడ లేదు. మనిషి తినలేక చిక్కిపోతాడు. మొదట్లో మొహానికి సరిగ్గా అతికేలా పోసిన మాస్కు వదులైపోతుంది. మిల్లీమీటర్ల లెక్కన గురిపెట్టిన కిరణాలకు వదులు మాస్కు పనికిరాదు, కొత్తది పోసి లెక్కలు మళ్లీ కట్టాల్సి వస్తుంది. ఇంకా ముదిరితే నాలుగు రోజులు చికిత్స ఆపుతారు, లేదా రోగే "ఇక నావల్ల కాదు" అని ఊరికి వచ్చేస్తాడు. ఆ నాలుగు రోజులూ కేన్సర్ కణాలు ఊరుకోవు, సందు దొరికింది కదా అని మళ్లీ పెరుగుతాయి. తల, మెడ కేన్సర్లలో చికిత్స అనుకున్న గడువు దాటి సాగిన ఒక్కో రోజుకూ అక్కడి జబ్బు అదుపులోకి వచ్చే అవకాశం సుమారు ఒక శాతం పైచిలుకు తగ్గుతుందని లెక్క. వినగడప దగ్గర కట్టలేరు పొంగి రాకపోకలు ఆగిపోతే ఒక కరెంటు పోయిందని ఇంటిల్లిపాదీ కంగారుపడతారు. నోటి పుండు వల్ల అలాంటివి అయిదారు పోతున్నా దాన్ని మాత్రం మామూలే అనుకుంటాం.

ఇప్పుడు ఒక పని చేయండి. రాత్రి గదిలో దీపం ఆర్పి, ఫోన్ టార్చి వెలిగించి, దాని మీద చూపుడువేలు ఆనించండి. టార్చి వెలుగు తెల్లగా ఉంటుంది, వేలిలోంచి బయటికి వచ్చేది మాత్రం ఎర్రగా ఉంటుంది. తెలుపులో ఉన్న నీలాన్నీ ఆకుపచ్చనూ నెత్తురు మింగేసింది. ఎరుపును మాత్రం పోనిచ్చింది. ఇంకో సంగతి కూడా గమనించండి. పిల్లలు ఎముక కనపడుతుందేమోనని చూస్తారు, కనపడదు. వెలుగు సూటిగా రాలేదు, పాలల్లో దీపం పెట్టినట్టు కండంతా చెదిరిపోయి వచ్చింది. ఎర్ర వెలుగు, దాని పక్కనే ఉన్న కంటికి కనపడని పరారుణం ఒంట్లోకి కొంత లోతుకు దిగగలవు. చర్మానికి ఉన్నట్టు పైన మందపు తొడుగు లేని నోటి పొరలోకి మరీ తేలిగ్గా దిగుతాయి. నోటిపూతకు ఎర్రకాంతితో చేసే చికిత్సంతా నిలబడింది ఈ కిటికీ మీదే.

దీన్ని ఎవరూ వెతికి పట్టుకోలేదు. 1960లో మొదటి లేజర్ వెలిగింది. 1967లో బుడాపెస్ట్‌లో ఎండ్రె మెస్టర్ అనే సర్జన్ ఎలుకల వీపు మీద బొచ్చు గొరిగి, రూబీ లేజర్ ఎర్రకాంతి పెట్టి, దానివల్ల కేన్సర్ వస్తుందేమో చూద్దామనుకున్నాడు. ఆయన లేజర్ బలం చాలా తక్కువ. కేన్సర్ రాలేదు. కాంతి పెట్టిన ఎలుకలకు మాత్రం మిగతావాటికన్నా ముందే బొచ్చు మొలిచింది. ఆ తర్వాత ఆయన మానని పుండ్ల మీద ప్రయత్నించాడు. చాలా ఏళ్లకు అమెరికాలో అంతరిక్షంలో మొక్కలు పెంచడానికి తయారుచేసిన ఎర్ర ఎల్‌ఈడీలను హారీ వీలన్ అనే వైద్యుడు ఎముక మజ్జ మార్పిడి జరిగిన పిల్లల నోటిపూతకు వాడి చూశాడు. మొక్కకు పనికొచ్చిన ఎరుపు పసివాడి నోటికీ పనికొచ్చింది. రెండుచోట్లా కారణం మాత్రం వేరు.

మనకు దగ్గర్లో దీని కథ మణిపాల్‌లో నడిచింది. తెలుగు నేల మీద కాదు కానీ పక్క రాష్ట్రమే. ఈ పనిలో ముందు నిలిచినవాళ్లు ఫిజియోథెరపిస్టులు, రేడియేషన్ వైద్యులతో కలిసి చేశారు. 2006లో అరుణ్ మైయా బృందం నోటి కేన్సర్ ఉన్న 50 మంది మీద చేసిన అధ్యయనాన్ని భారతీయ వైద్య పరిశోధనా మండలి పత్రికలో వేసింది. 2012లో అజయ్ ప్రసాద్ గౌతమ్, మైయా, సహచరులు మరింత గట్టి పరీక్ష చేశారు. రేడియేషన్, సిస్‌ప్లాటిన్ మందు కలిపి తీసుకుంటున్న 221 మందిని చీటీలు వేసినట్టు రెండు జట్లుగా విడగొట్టి, ఒక జట్టుకు నిజం కాంతి, రెండో జట్టుకు ఉత్తుత్తి కాంతి పెట్టారు. ఎవరికి ఏది అన్నది మూడు వైపుల నుంచీ దాచారు. కాంతి అందిన జట్టులో తీవ్రమైన నోటిపూత తగ్గింది, నొప్పి తగ్గింది, మింగడంలో ఇబ్బంది తగ్గింది, మార్ఫిన్ తరహా మందుల అవసరం తగ్గింది. ఇలాంటి ఫలితాలు బ్రెజిల్ నుంచి కూడా వచ్చాయి. నా దృష్టిలో మణిపాల్ పనికి అదనపు విలువ ఉంది. ఆలస్యంగా ఆసుపత్రికి చేరే, ఆకు, పొగాకు, చుట్ట అలవాట్లతో ముందే పాడైన నోళ్లు అవి. మన నోళ్లు.

ఆ 2012 అధ్యయనంలో పెట్టిన మోతాదు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. హీలియం-నియాన్ లేజర్, 632.8 నానోమీటర్ల ఎరుపు. చదరపు సెంటీమీటరుకు 24 మిల్లీవాట్లు. ఒక్కో చోట 3 జౌళ్లు. భాగించి చూస్తే ఒక్కో చోట రెండు నిమిషాల అయిదు సెకన్లు. పెదవుల లోపలి వైపు, బుగ్గలు, నాలుక, నోటి అడుగు ఇలా పన్నెండు చోట్ల పెడితే పాతిక నిమిషాలు. మూడు జౌళ్లంటే ఎంత? ఒక గ్రాము నీటిని, అంటే ఇరవై చుక్కలను, ఒక్క డిగ్రీ వేడెక్కించడానికి 4.2 జౌళ్లు కావాలి. అంటే ఈ వెలుగు నోటిని కాల్చదు, కాచదు, కనీసం గోరువెచ్చగా కూడా చేయదు. ఇన్‌ఫ్రారెడ్ దీపం కింద నడుముకు కాపడం పెట్టించుకోవడానికీ దీనికీ సంబంధం లేదు.

తమాషా ఏమంటే, రేడియేషన్ లెక్క కూడా ఇలాగే ఉంటుంది. రోజుకు 2 గ్రే అంటే కిలో కండకు 2 జౌళ్లు. వేడిగా లెక్కేస్తే డిగ్రీలో సుమారు రెండువేలో వంతు. రెండూ వేడితో పనిచేయవు. తేడా ఒక్కో కిరణపు రేణువులో ఉంది. రేడియేషన్ యంత్రంలో పుట్టే ఎక్స్‌రే రేణువుల శక్తి లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల్లో ఉంటుంది, డీఎన్‌ఏను తెంపగలదు. ఎర్రకాంతి రేణువు శక్తి రెండు ఎలక్ట్రాన్ వోల్టులు. దానికి డీఎన్‌ఏను తెంపే సత్తువ లేదు. మహా అయితే తలుపు తట్టగలదు.

తట్టేది ఎవరి తలుపు? ఎక్కువమంది శాస్త్రవేత్తలు వేలు చూపించేది మైటోకాండ్రియా వైపు. కణంలో ఇది పొయ్యి లాంటిది, మనం తిన్నదాన్నీ పీల్చినదాన్నీ కలిపి శక్తిగా మార్చేది. ఆ వరసలో చివర సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే పెద్ద ఎంజైమ్ ఉంటుంది. అందులో రాగి, ఇనుము ఉంటాయి, ఎర్రకాంతిని పీల్చుకుంటాయి. దెబ్బతిన్న కణాల్లో ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట నైట్రిక్ ఆక్సైడ్ వచ్చి కూర్చుంటుందనీ, కాంతి దాన్ని లేపి పంపేస్తుందనీ, పొయ్యి మళ్లీ రాజుకుంటుందనీ ఒక వివరణ. రష్యాలో టీనా కారు దశాబ్దాల పాటు పనిచేసి ఈ దారి చూపించింది. ఇదొక్కటే కారణమని అందరూ ఒప్పుకోరు, ఇంకా వాదన నడుస్తోంది. ఫలితం ముందు తేలి, కారణం తర్వాత వెతుక్కోవడం వైద్యంలో కొత్తేమీ కాదు.

మోతాదు ఎక్కువైతే లాభం ఎక్కువ అనుకోవడానికి లేదు. తక్కువైతే పనిచేయదు, మించితే ఉన్న లాభమూ పోతుంది. మిరపచేనుకు తడి పెట్టినట్టే. అందుకే ఆన్‌లైన్‌లో అమ్మే ఎర్రలైట్ల మాస్కులు, పెన్నులాంటి లేజర్లు కొని ఇంట్లో నోట్లో పెట్టుకోవడం పనికిమాలిన పని, కళ్లకు ప్రమాదం కూడా. ఆసుపత్రిలో ఈ చికిత్స చేసేటప్పుడు రోగికీ చేసేవాళ్లకీ రంగు కళ్లద్దాలు పెడతారు.

వేళ కూడా మోతాదు లాంటిదే. సోనిస్ చెప్పిన కనపడని రెండు వారాలు ఇక్కడ అక్కరకొస్తాయి. కాంతి మొదలుపెట్టాల్సింది పుండు పడ్డాక కాదు. మొదటి కరెంటు రోజు నుంచే, కరెంటుకు ముందో వెనకో, వారానికి అయిదు రోజులూ. కేన్సర్ రోగుల సహాయక చికిత్స మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం 2020లో సవరించిన మార్గదర్శకాల్లో తల, మెడకు రేడియేషన్ తీసుకునేవాళ్లకు, కీమోతో కలిపి తీసుకునేవాళ్లకు కూడా నోటిపూత రాకుండా దీన్ని సిఫారసు చేసింది. బ్రిటన్‌లో నైస్ సంస్థ 2018లోనే దీనికి పచ్చజెండా ఊపింది. పేరు కూడా మారింది. ఒకప్పుడు లో లెవెల్ లేజర్ అనేవాళ్లు, ఇప్పుడు ఫోటోబయోమాడ్యులేషన్ అంటున్నారు. పేరు పొడుగైంది గానీ లేజరే కానక్కర్లేదు, సరైన ఎల్‌ఈడీ కూడా చాలని చెప్పడానికే ఆ మార్పు.

ఒక భయం మాత్రం న్యాయమైనది. పుండు మాన్పే కాంతి కేన్సర్ కణానికి కూడా బలం ఇస్తే? గాజు పాత్రల్లో పెంచిన కణాల మీద చేసిన ప్రయోగాలు రెండు రకాలుగానూ తేలాయి. మనుషుల్లో చూస్తే, బ్రెజిల్‌లో ఈ చికిత్స మీద జరిగిన ఒక అధ్యయనంలోని 94 మందిని ఏళ్ల తరబడి వెంబడించారు. కాంతి పెట్టించుకున్నవాళ్లలో జబ్బు తిరగబెట్టడం పెరగలేదు, ఫలితాలు కాస్త మెరుగ్గానే ఉన్నాయి. అంత చిన్న గుంపును చూసి కాంతి కేన్సర్‌ను తగ్గిస్తుందనడం తొందరపాటే. అయినా జాగ్రత్తగా ఉండేవాళ్లు కంతి ఉన్నచోటును వదిలి చుట్టూ ఉన్న మంచి పొర మీదే కాంతి పెడతారు. ఆ జాగ్రత్త మంచిదే.

మరి ఇంత తేలాక మన దగ్గర ప్రతి రేడియేషన్ కేంద్రంలోనూ ఇది ఎందుకు రోజువారీ పని కాలేదు? యంత్రం ధర అసలు అడ్డంకి కాదని నా అభిప్రాయం. రేడియేషన్ యంత్రం ముందు అది చిల్లర ఖర్చు. ఖరీదైనది పాతిక నిమిషాలు. పది పదిహేను నిమిషాల్లో ఒకరిని దించి ఇంకొకరిని ఎక్కించే గది బయట బెంచీల మీద జనం ఉంటారు. ఆ వరసలో ప్రతి మనిషి నోట్లో పన్నెండు చోట్ల, ముప్పై మూడు రోజులు, ఓపికగా కాంతి పట్టుకుని నిలబడే మనిషి ఒకరు కావాలి. ఆ ఉద్యోగం చాలాచోట్ల పుట్టనే లేదు. బలమైన డయోడ్‌లు, నోరంతా ఒకేసారి వెలిగించే పరికరాలు వచ్చి ఈ సమయాన్ని కుదిస్తున్నాయి.

అడగాల్సిన వేళ మాస్కు పోసే రోజు. ఆ రోజుకూ మొదటి కరెంటుకూ మధ్య, లెక్కలు కట్టడం కోసం, కొన్ని రోజుల ఖాళీ ఉంటుంది. పుచ్చిపళ్లు చూపించుకోవాల్సిందీ అప్పుడే. "నోరు పొక్కకుండా లైటు పెట్టే ఏర్పాటుందాండీ?" అని డాక్టరు గారిని నోరు తెరిచి అడగవచ్చు. లేదంటే దగ్గర్లో ఎక్కడుందో కనుక్కోవచ్చు. ఎక్కడా కుదరకపోయినా చేతిలో ఉన్నవి చేసుకోవాలి. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో పావు చెంచా తినేసోడా, అంతకన్నా తక్కువ ఉప్పు కలిపి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించడం, మెత్తటి బ్రష్షు, చుట్టా బీడీ ఖైనీ బంద్. బెంజిడమైన్ పుక్కిలింత మందు గురించి అడగొచ్చు. తేనె కూడా పనికిరావచ్చని ఆ 2020 మార్గదర్శకాలే అంటున్నాయి, షుగర్ ఉన్నవాళ్లు డాక్టరును అడిగి వాడాలి. ఘాటైన మౌత్‌వాష్‌లు వద్దు. నోట్లో తెల్లటి మచ్చలు పెరుగు మీగడలా కనిపిస్తే అది బూజు జబ్బు కావచ్చు, దానికి వేరే మందుంది.

ఈ వెలుగు చేయలేని పనులూ ఉన్నాయి. రుచి పోవడాన్ని ఆపుతుందని గట్టిగా చెప్పలేం. లాలాజల గ్రంథులు ఎండిపోయి నోరు పిడచకట్టుకుపోవడం మీద ఆధారాలు ఇంకా పలచగానే ఉన్నాయి. సంక్రాంతి దాటాక కరెంటు మొదలైతే మార్చి మొదట్లో అయిపోతుంది. పుండ్లు మానడానికి ఇంకో రెండు నుంచి నాలుగు వారాలు. రుచి నెలల మీద, ఒక్కొక్కటిగా తిరిగొస్తుంది. తిరువూరు మార్కెట్‌లోకి పచ్చడి కాయ దిగి, ఇంటింటా కొత్తావకాయ కలిపే వేళకు ఆ మిరప రైతు కంచం ముందు కూర్చుంటాడు. భార్య జాడీలోంచి ఒక ముక్క తీసి, పక్కనున్న గ్లాసు నీళ్లలో ముంచి, కారం అంతా పోయేదాకా వేళ్లతో రుద్ది కడిగి, పసిపిల్లలకు పెట్టినట్టు పెరుగన్నం అంచున పెడుతుంది.